పాత బొగ్గులో వానల ఆచూకీ: తవ్వకంలో దొరికిన బొగ్గుతో గతకాలపు వాతావరణాన్ని చదవడం ఎలా?

తవ్వకాల్లో పనిచేసే విద్యార్థులు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది: "పొరపొరలోనూ బొగ్గు దొరికింది. డేటింగ్‌కు (వయసు కట్టడానికి) నాలుగు ముక్కలు పంపాం. మిగతాదాన్ని ఏం చేయాలి? అప్పటి వానలు ఎలా ఉండేవో దీంతో తెలుస్తుందా?"

తెలుస్తుంది. అయితే బొగ్గు నేరుగా వాన సంగతి చెప్పదు. అది ఏ చెట్టుదో ముందు చెబుతుంది. ఆ చెట్టుకూ వానకూ మధ్య కట్టెలు ఏరి తెచ్చిన మనిషి ఒకడున్నాడు. అతన్ని మరచిపోయి వేసే లెక్క ఏదైనా తప్పుతుంది. కింద చెప్పే ప్రతి మెట్టూ ఆ మనిషి చేసిన పనినీ వాన చేసిన పనినీ విడదీయడానికే.

ఉదాహరణలన్నీ బళ్లారి, కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల నవీన శిలాయుగ ఊళ్ల నుంచి తీసుకుంటాను. అంటే సుమారు క్రీ.పూ. 3000 నుంచి 1200 వరకు పశువులు మేపుతూ, ఉలవలు, పెసలు, అండుకొర్రలు పండించుకుంటూ బతికిన వాళ్ల ఊళ్లు. ఈ ప్రాంతపు బొగ్గు మీద పురావస్తు వృక్షశాస్త్రజ్ఞులు ఎలెని అసూటి, డోరియన్ ఫుల్లర్ 2008లో వివరమైన అధ్యయనం ప్రచురించారు కాబట్టి, మీ ఫలితాలను పోల్చుకోవడానికి ఒక ఆధారం ఇప్పటికే ఉంది.

1. పార పట్టకముందే తేల్చుకోవాల్సినవి

అనుమతి లేకుండా పాత దిబ్బల్లో తవ్వకండి. భారత పురావస్తు సర్వేక్షణ శాఖ అనుమతితో జరుగుతున్న తవ్వకంలో భాగంగానే మట్టి తీయాలి. శాంపిళ్లు విదేశీ ల్యాబ్‌కు పంపాలనుకుంటే దానికీ ముందే అనుమతి అడగండి. ఆఖరి నెలలో అడిగితే ఏడాది పని ఆగిపోతుంది.

తర్వాత మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి. "అప్పటి వాతావరణం ఎలా ఉండేది?" అన్నది మరీ పెద్ద ప్రశ్న. "ఈ ఊరు మొదలైనప్పటికీ చివరికీ మధ్య చుట్టుపక్కల ఆకురాల్చే అడవి తగ్గి ముళ్ల పొదలు పెరిగాయా? పెరిగితే అది వాన తగ్గడం వల్లేనా?" అని అడిగితే జవాబు దొరికే అవకాశం ఉంది.

వెంట ఉండాల్సినవి:

- 20 లీటర్ల బకెట్లు నాలుగు, కొలత గీతలతో
- 0.25 మి.మీ. కన్నాల మెష్ గుడ్డ. 4, 2, 1 మి.మీ. జల్లెడలు
- మెత్తని బ్రష్, వెదురు పుల్లలు, ఫాయిల్ పేపర్, గట్టి డబ్బాలు
- తడిసినా చెరగని లేబుళ్లు, పెన్సిల్ (బాల్‌పెన్ వద్దు, సిరా కరిగిపోతుంది)
- రిజిస్టరు: పొర నంబరు, లోతు, ఎన్ని లీటర్ల మట్టి, ఎవరు తీశారు, ఏ తేదీ

2. ఏ మట్టి తీయాలి, ఎంత తీయాలి

అందరూ ముందుగా పొయ్యి దగ్గరకే పరుగెత్తుతారు. కళ్లకు నల్లగా, నిండుగా కనిపించేది అదే కదా. కానీ పొయ్యిలో ఉన్నది ఆఖరిసారి రాజేసిన ఒకటి రెండు మంటల బొగ్గు. ఆ రోజు ఎవరో ఒక తుమ్మ కొమ్మ నరికి తెచ్చి ఉంటే, మీకు 300 తుమ్మ ముక్కలు దొరుకుతాయి. అది ఒక్క పూట వంట సంగతి మాత్రమే.

మీకు కావాల్సింది చెల్లాచెదురైన బొగ్గు. ఏళ్ల తరబడి పొయ్యిలు ఊడ్చి పారబోసిన బూడిద ఇంటి నేలల్లోకి, చెత్తగుంటల్లోకి, వీధి మట్టిలోకి చేరుతుంది. అందులో వందలసార్లు తెచ్చిన కట్టెలు కలిసి ఉంటాయి కాబట్టి, చుట్టుపక్కల ఏ చెట్లు ఎంత అందుబాటులో ఉండేవో దాని నుంచే తెలుస్తుంది.

ప్రతి పొర నుంచి కనీసం 20 లీటర్లు, వీలైతే 40 లీటర్ల మట్టి తీయండి. బొగ్గు కనిపించిన చోటే కాకుండా కనిపించని చోట కూడా తీయండి. పొయ్యి, కాలిపోయిన గుంజల గుంట, బూడిద దిబ్బ వేటికవే వేరే సంచుల్లో ఉండాలి. గుంజ దూరం నుంచి తెచ్చిన కలప అయి ఉండవచ్చు. బళ్లారి లాంటి మెట్ట ప్రాంతంలో టేకు ముక్క దొరికితే అక్కడ టేకు అడవి ఉండేదని వెంటనే రాయకండి. ఇంటి దూలమో, తలుపో ఏమో ముందు చూడండి.

బూడిద దిబ్బల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్.ఆర్. ఆల్చిన్ తవ్విన ఉట్నూరు దిబ్బ లాంటివి పశువుల పేడ కాల్చగా ఏర్పడినవి. అక్కడ కట్టె బొగ్గు తక్కువ దొరికితే చెట్లు తక్కువని అర్థం కాదు. కాలింది పేడ.

రేగడి నేలలో అసలు సమస్య నెర్రెలు. ఎండాకాలంలో నేల పగిలి, పై మట్టి, దాంతోపాటు నిన్నమొన్న తగలబెట్టిన చెత్త బొగ్గు కూడా, లోతుకు జారిపోతుంది. నెర్రె, చీమల పుట్ట, వేరు వెళ్లిన దారి కనిపిస్తే అక్కడి మట్టి వదిలేయండి. ఫొటో తీసి, ఎందుకు వదిలేశారో రిజిస్టరులో రాయండి.

3. నీళ్లలో తేల్చడం

పద్ధతి సులువే, కానీ ఓపిక కావాలి.

1. డేటింగ్‌కు కావాల్సిన ముక్కలను మట్టి పొడిగా ఉన్నప్పుడే వెదురు పుల్లతో తీసి ఫాయిల్‌లో చుట్టి పక్కన పెట్టండి. చేత్తో ముట్టకండి.
2. బకెట్‌లో మూడొంతులు నీళ్లు పోసి, మట్టిని కొద్దికొద్దిగా వేయండి. నీళ్ల మీద మట్టి పోయాలి, మట్టి మీద నీళ్లు పోయకూడదు. ధారకు బొగ్గు చితికిపోతుంది.
3. చేత్తో అడుగు నుంచి నెమ్మదిగా కలపండి. గడ్డలను పిసకొద్దు, నానబెట్టండి.
4. అర నిమిషం ఆగి, పైకి తేలిన దాన్ని మెష్ గుడ్డ మీదికి వంచండి. ఏమీ తేలనంత వరకు మళ్లీ మళ్లీ చేయండి.
5. అడుగున మిగిలిన దాన్ని 1 మి.మీ. జల్లెడలో కడగండి. బరువైన బొగ్గు, సున్నం పట్టిన బొగ్గు మునిగిపోతాయి. చాలామంది దీన్ని పారబోస్తారు. చేవగల చెట్ల ముక్కలు అందులోనే పోతాయి.

రేగడి మట్టి గంటలో విడిపోదు. రాత్రంతా నానబెట్టండి. అప్పటికీ విడవకపోతే ఒక బకెట్‌కు గుప్పెడు తినే సోడా వేయవచ్చు. సోడా తగిలిన ముక్కలను డేటింగ్‌కు, ఐసోటోపు పరీక్షకు (8వ మెట్టులో చెబుతాను) వాడకండి.

ఆరబెట్టడం నీడలోనే. నేను మొదటి సీజన్‌లో త్వరగా అయిపోతుందని మూడు పొరల బొగ్గును ఎండలో పెట్టాను. సాయంత్రానికి వేలెడంత ముక్కలు చిటచిటా పగిలి ఆవగింజలంత అయిపోయాయి. ఆ మూడు పొరలకూ ఈ రోజుకీ లెక్క లేదు. గుడ్డ మూటను తాడుకు వేలాడదీసి, గాలి తగిలే నీడలో రెండు మూడు రోజులు వదిలేయండి. తడి ఉండగా ప్లాస్టిక్ కవర్లో వేస్తే బూజు పడుతుంది.

4. పోల్చుకోవడానికి సొంత బొగ్గు పెట్టె

పుస్తకంలోని కలప ఫొటోతో పాత బొగ్గును పోల్చడం కష్టం. కాలినప్పుడు కలప కుంచించుకుపోతుంది, నీళ్లు మోసే నాళాలు ఇరుకవుతాయి. అందుకే తెలిసిన చెట్ల కలపను మీరే కాల్చి పెట్టుకోవాలి.

- చుట్టుపక్కల దొరికే 40, 50 రకాల చెట్లతో మొదలుపెట్టండి: తుమ్మ, చండ్ర, రేగు, జమ్మి, వేప, మోదుగ, నల్లమద్ది, తెల్లమద్ది, చిరుమాను, ఇప్ప, మర్రి, వెదురు.
- ప్రతి చెట్టుకూ ఆకు, పువ్వు లేదా కాయతో హెర్బేరియం షీటు (ఎండబెట్టి కాగితానికి అతికించిన నమూనా) చేసి పెట్టండి. పేరు తప్పైతే ఆ తర్వాతిదంతా తప్పే.
- ఒకే చెట్టు నుంచి మాను, కొమ్మ, వేరు మూడూ తీసుకోండి.
- 2 సెం.మీ. ముక్కలను ఫాయిల్‌లో చుట్టి, స్టీలు డబ్బాలో ఇసుకలో పాతి, ఫర్నేసులో 400 డిగ్రీల దగ్గర 45 నిమిషాల నుంచి గంట సేపు ఉంచండి.
- బయట బూడిద కనిపిస్తే గాలి దూరినట్టు. లోపల గోధుమరంగు ఉంటే ఇంకా కాలాలి.

ఎర్రచందనం, శ్రీగంధం జోలికి అడవిలో వెళ్లకండి. చట్టంతో చిక్కు. డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థ, బెంగళూరులోని వుడ్ సైన్స్ సంస్థ కలప నమూనాలు భద్రపరుస్తాయి. వాళ్లకు రాసి అడగండి.

5. విరగ్గొట్టి చూడడం

ఈ పనిలో ప్రాణం ఇక్కడే ఉంది. తొందరపడకండి.

బొగ్గును రంపంతో కోయరు, సాన పెట్టరు. పొడి కన్నాల్లోకి దిగి అంతా కప్పేస్తుంది. వేళ్లతో విరవాలి. గట్టిగా ఉంటే బ్లేడు అంచుతో చిన్న గాటు పెట్టి, అక్కడ నొక్కాలి. మంచి ముక్క 'టిక్' మని విరుగుతుంది. విరిగిన ముఖం నల్లగా, అద్దంలా మెరుస్తుంది. వేలికి మసి అంటుకుని ముఖం మసకగా ఉంటే అది విరగలేదు, నలిగింది. మళ్లీ విరవండి.

మూడు ముఖాలూ చూడాలి: అడ్డకోత, మధ్య నుంచి బయటికి సాగే నిలువుకోత, బెరడుకు సమాంతరంగా ఉండే నిలువుకోత. ముక్కను ఇసుక గిన్నెలోనో, మైనపు ముద్ద మీదనో నిలబెట్టి, పైనుంచి కాంతి పడే మైక్రోస్కోపు కింద 50 నుంచి 500 రెట్లలో చూడండి. అలాంటి మైక్రోస్కోపు మీ విభాగంలో లేకపోతే దగ్గర్లోని ఇంజినీరింగ్ కాలేజీ మెటలర్జీ ల్యాబ్‌లో అడగండి. లోహాలు చూడడానికి వాడే మైక్రోస్కోపు బొగ్గుకు చక్కగా సరిపోతుంది.

తుమ్మ జాతి ముక్క ఒకటి లెన్స్ కింద పెట్టారనుకోండి. అడ్డకోతలో గుండ్రటి నాళాలు, ఒక్కోదాని చుట్టూ కాటుక దిద్దిన కన్నులా మృదుకణజాలం (ఆహారం దాచుకునే మెత్తని కణాలు). పక్క కన్నులు కొన్నిచోట్ల ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉంటాయి. నిలువుకోతలో కిరణాలు (మాను మధ్య నుంచి బెరడు వైపు సాగే కణాల పట్టీలు) చాలా కణాల వెడల్పుతో కదురు ఆకారంలో కనిపిస్తాయి. ఆ పక్కనే సన్నని గదుల వరుసలో చిన్న చిన్న స్ఫటికాలు మెరుస్తాయి. వేల ఏళ్ల కిందట కాలిన ముక్కలో అవి అలాగే ఉండడం ఎన్నిసార్లు చూసినా నాకు ఆశ్చర్యమే.

మొదట్లో పట్టుకోవడానికి కొన్ని గుర్తులు:

- టేకు: వలయం మొదట్లో పెద్ద నాళాలు వరుసగా, తర్వాత చిన్నవి. మన మెట్ట చెట్లలో ఇలాంటివి తక్కువ.
- రేగు: కిరణాలు దాదాపు అన్నీ ఒకే కణం వెడల్పు.
- మోదుగ, ఎర్రచందనం: నిలువుకోతలో కిరణాలు మెట్లలా వరుసకట్టి ఉంటాయి. తుమ్మలో అలా ఉండవు.
- మర్రి, జువ్వి: మృదుకణజాలం వెడల్పాటి పట్టీలుగా.
- వెదురు, తాటి: వలయాలే ఉండవు, నాళాల కట్టలు చెల్లాచెదురుగా.

అంతర్జాతీయ కలప శాస్త్రజ్ఞుల సంఘం 1989లో ప్రచురించిన 163 లక్షణాల జాబితాను పక్కన పెట్టుకుని ఒక్కో లక్షణం రాసుకోండి. ఇన్‌సైడ్‌వుడ్ అనే ఆన్‌లైన్ కలప డేటాబేస్‌లో ఆ లక్షణాలతో ఉచితంగా వెతకవచ్చు. కానీ అది చూపించిన మొదటి పేరు రాసేయకండి. మీ బొగ్గు పెట్టెలోని ముక్కతో సరిపోల్చాకే రాయండి. ప్రజాతి (తుమ్మలు, మద్దులు లాంటి దగ్గరి చెట్ల గుంపు) వరకే తెలిస్తే అక్కడే ఆగండి.

ఇక్కడ ఎంత జాగ్రత్త కావాలో మద్దితో తెలుస్తుంది. నల్లమద్ది కొండ అడవుల్లో పెరుగుతుంది. తెల్లమద్ది వాగు ఒడ్డున పెరుగుతుంది, దానికి వాన కన్నా వాగు తడి ముఖ్యం. బొగ్గులో ఈ రెండింటినీ విడదీయడం చాలాసార్లు సాధ్యం కాదు. "మద్ది ఉంది కాబట్టి వానలు బాగుండేవి" అంటే, వాగు పక్కన నిలబడ్డ నాలుగు చెట్లను చూసి ఊరంతా అడవి అనుకున్నట్టే.

చెట్టు పేరుతోపాటు ప్రతి ముక్కకూ ఇవి కూడా రాయండి: వలయాల వంపు (బాగా వంగితే సన్న కొమ్మ, సూటిగా ఉంటే మాను), బెరడు ఉందా, బూజు దారాలు ఉన్నాయా, పురుగు తొలిచిన కన్నాలు ఉన్నాయా. బూజు దారాలు ఎక్కువ ఉంటే వాళ్లు ఎండి పడిన కట్టెలు ఏరుకున్నారని అర్థం. ఏరుకునేవాళ్లు చెట్టును పెద్దగా ఎంచుకోరు, అందినదే తెస్తారు. వాతావరణం చదవడానికి అలాంటి పొరలే మేలు.

6. ఎన్ని ముక్కలు చూస్తే చాలు?

4 మి.మీ. దాటినవి ముందు, తర్వాత 2 నుంచి 4 మి.మీ.వి. పెద్దవి మాత్రమే చూస్తే సులువుగా చితికిపోయే మెత్తని కలప లెక్కలోకి రాదు.

మన ప్రాంతంలో చెట్ల రకాలు ఎక్కువ. పొరకు 200 నుంచి 400 ముక్కలు చూడాలి. ప్రతి 25 ముక్కలకూ కొత్త చెట్లు ఎన్ని వచ్చాయో గ్రాఫ్ గీయండి. గీత చదునైతే ఆపవచ్చు.

శాతాలు ఒక్కటే చాలవు. ఒక చెట్టు ఎన్ని శాంపిళ్లలో కనిపించిందో కూడా లెక్కించండి. ఒకే సంచిలో 150 ముక్కలుగా దొరికిన రేగు, 20 సంచుల్లో రెండేసి ముక్కలుగా దొరికిన రేగు ఒకటి కాదు.

7. వయసు కట్టడం

చేవ ముక్కను డేటింగ్‌కు పంపితే చెట్టు లోపలి వలయాల వయసు వస్తుంది. 200 ఏళ్ల మాను అయితే తేదీ అంత వెనక్కి జరుగుతుంది. బెరడు ఉన్న సన్న పుల్ల, లేదా మాడిన ఉలవ గింజ, పెసర గింజ పంపండి. కార్బన్-14ను లెక్కించే యాక్సిలరేటర్ పద్ధతికి 10, 20 మిల్లీగ్రాములు సరిపోతాయి. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో ఈ సౌకర్యం ఉంది.

పంపే ముందు ఆ ముక్క ఏ చెట్టుదో గుర్తించండి. జామాయిల్ గానీ, 19వ శతాబ్దంలో మన దగ్గరకు వచ్చిన సర్కారు తుమ్మ గానీ అయితే ఆ పొరలోకి పై మట్టి జారినట్టే. జామాయిల్‌ను పట్టుకోవడం సులువు: నాళాలు ఒంటరిగా, ఏటవాలు వరుసల్లో ఉంటాయి. సర్కారు తుమ్మను మన జమ్మి నుంచి విడదీయడం మాత్రం కష్టం. అనుమానం ఉంటే ఆ ముక్కనే డేటింగ్‌కు పంపండి.

వచ్చిన తేదీని ఇంట్‌కాల్20 వక్రరేఖతో (కార్బన్-14 వయసును క్యాలెండర్ ఏళ్లలోకి మార్చే ప్రామాణిక గీత) సరిచేయాలి. క్రీ.పూ. 800, 400 మధ్య ఆ వక్రరేఖ చదునుగా ఉంటుంది కాబట్టి ఇనుప యుగపు సమాధుల తేదీలు విశాలంగా వస్తాయి. అది ల్యాబ్ తప్పు కాదు.

8. ఐసోటోపులు: మనిషిని పక్కకు జరిపి చూడడం

ఎండలు ముదిరి నీళ్లు తగ్గితే చెట్టు ఆకు రంధ్రాలు మూసుకుంటుంది. లోపల మిగిలిన గాలితోనే సర్దుకోవాలి కాబట్టి మామూలుగా వదిలేసే కార్బన్-13ను (కార్బన్‌లోనే కాస్త బరువైన రకం, అంటే ఒక ఐసోటోపు) కూడా ఎక్కువగా వాడుకుంటుంది. ఆ గుర్తు కలపలో నిలిచి, కాలినా చాలావరకు చెరగకుండా ఉంటుంది. కట్టె ఏరిన మనిషి చెట్టును ఎంచుకోగలడు కానీ, ఆ చెట్టులోని ఐసోటోపులను మార్చలేడు. అందుకే ఈ మెట్టుకు ఇంత విలువ.

పాటించాల్సినవి:

- ఒకే ప్రజాతిని అన్ని పొరల్లోనూ కొలవండి. తుమ్మను తుమ్మతోనే పోల్చాలి.
- పొరకు కనీసం 5 నుంచి 10 ముక్కలు, విడివిడిగా. అన్నీ కలిపి పొడి చేస్తే ఎంత తేడా ఉందో తెలియదు.
- ఆమ్లంతో శుద్ధి తప్పనిసరి. మన నేలల్లో సున్నపు గడ్డలు ఎక్కువ. ఆ సున్నం మిగిలితే కార్బన్-13 విలువ పెరిగి, లేని కరువు ఉన్నట్టు చూపిస్తుంది.
- ఇప్పటి చెట్లతో పోల్చేటప్పుడు గాలిలో వచ్చిన మార్పును సరిచేయండి. పరిశ్రమలకు ముందు గాలిలో కార్బన్-13 విలువ మైనస్ 6.5 పర్ మిల్ (ప్రామాణికంతో పోల్చి వెయ్యికి ఇంత తేడా అని) దగ్గర ఉండేది, ఇప్పుడు మైనస్ 8 దాటింది.
- కాలినప్పుడు ఒక పర్ మిల్ వరకు తేడా రావచ్చు. అంతకన్నా చిన్న మార్పు మీద కథ అల్లకండి.

9. చెట్ల జాబితా నుంచి వాన దాకా

గుర్తించిన చెట్లను మూడు గుంపులుగా పెట్టండి: ముళ్ల పొదలవి, ఆకురాల్చే అడవివి, వాగు ఒడ్డువి. మద్ది లాంటి అనుమానపు చెట్లకు నాలుగో గుంపు. వాగు గుంపును వాన లెక్కలోంచి తీసేయండి.

ఇప్పుడు పొరలు వరుసగా పేర్చి చూడండి. కింది పొరల్లో చిరుమాను, ఇప్ప ఎక్కువ, పై పొరల్లో తుమ్మ, రేగు ఎక్కువ అయ్యాయనుకుందాం. దీనికి మూడు కారణాలు ఉండవచ్చు. వాన తగ్గి ఉండవచ్చు. మందలు పెరిగి మేత ఎక్కువై, పశువులు తినని ముళ్ల చెట్లే మిగిలి ఉండవచ్చు. లేదా చేలకోసం అడవి కొట్టి ఉండవచ్చు. చెట్ల జాబితా ఒక్కటే చూస్తే ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి.

విడదీసే వరుస ఇది:

1. తుమ్మ ఐసోటోపు విలువ పై పొరల్లో పెరిగిందా? పెరిగితే నీటి కొరత ఉంది. పెరగకుండా తుమ్మ మాత్రమే ఎక్కువైతే మందల వైపు, చేల వైపు చూడండి.
2. కొమ్మల వ్యాసం తగ్గిందా, పచ్చి కట్టెలు పెరిగాయా? కట్టె కరువుకు గుర్తులు.
3. పశువుల ఎముకలు, పంట గింజల లెక్క అదే పొరల్లో ఎలా మారింది?
4. ఊరికి బయటి సాక్ష్యం ఏమంటోంది? గోదావరి ముఖద్వారం ఎదుట బంగాళాఖాతంలో తీసిన మట్టి కోర్ (సముద్రం అడుగు నుంచి గొట్టంతో తీసిన మట్టి స్తంభం), సుమారు 4,000 ఏళ్ల కిందట నుంచి 1,700 ఏళ్ల కిందట దాకా ఆ నది పరీవాహకంలో పొడిని తట్టుకునే మొక్కలు క్రమంగా పెరిగాయని చూపించింది. మేఘాలయలోని మామ్లూ గుహ రాతిధార (కారే నీటిలోని సున్నం పేరుకుని ఏర్పడిన రాయి) 4,200 ఏళ్ల కిందటి వాన తగ్గుదలకు ప్రామాణిక సాక్ష్యం.

బయటి సాక్ష్యాన్ని చివర్లోనే చూడండి. ముందే చూస్తే, 4,200 ఏళ్ల దగ్గర కనిపించే ప్రతి చిన్న వంపూ కరువులాగే అనిపిస్తుంది. మీ తేదీల్లో 150 ఏళ్ల అనిశ్చితి ఉంటే రెండు ఘటనలు ఒకేసారి జరిగాయని చెప్పలేరు.

వాన మి.మీ. లెక్క వేయాలనిపిస్తుంది. నా అభిప్రాయంలో, "ఇప్పటి అనంతపురం కన్నా తడిగా" అని రాయడం "780 మి.మీ." అని రాయడం కన్నా నిజాయితీ. అనంతపురంలో ఏటా 550 మి.మీ. అటూ ఇటూ కురుస్తుంది కాబట్టి చదివేవాళ్లకు కొలమానం అందుతుంది.

10. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దుకునే దారి

- గుర్తుపట్టలేని ముక్కలు లెక్కలోంచి తీసేయడం. ఉంచండి, ఎందుకు గుర్తుపట్టలేకపోయారో రాయండి. గాజులా కరిగిపోయిందా, కొమ్మ మొలిచిన ముడి దగ్గరి కలపా, చాలా చిన్నదా?
- పొయ్యినీ చెల్లాచెదురు బొగ్గునూ ఒకే పట్టికలో కలపడం. విడదీయండి.
- ఒక్కరే గుర్తించి ముగించడం. పదింట ఒక ముక్కను వేరే వాళ్లకు పేరు చెప్పకుండా ఇచ్చి చూడమనండి.
- ఒక చెట్టు లేకపోవడాన్ని సాక్ష్యంగా వాడడం. ఇప్పకాయ, పువ్వు తినే ఊళ్లో ఇప్ప చెట్టును పొయ్యిలో పెట్టకపోవచ్చు.

అచ్చుకు పంపే ముందు పట్టికలో ఇవన్నీ ఉన్నాయా చూడండి: మట్టి లీటర్లు, ముక్కల సంఖ్య, గుర్తింపు స్థాయి, సందర్భం, డేటింగ్‌కు వాడిన భాగం, ల్యాబ్ నంబరు. విరిచిన ముక్కలను పారేయకండి. ఒక్కో పొరకు ఒక్కో చిన్న గట్టి డబ్బాలో, దూది కాకుండా టిష్యూ పరిచి (దూది పోగులు ముఖాలకు పట్టుకుంటాయి), ముక్క నంబరు చీటీతో భద్రపరచండి. రేపు మద్దిని రెండుగా విడదీసే పద్ధతి ఎవరికైనా దొరికితే, వాళ్లు మొదట అడిగేది ఆ డబ్బానే.